ఆమె, నేను, నాలుగో దెబ్బ: బచాటా మీద రెగ్గేటోన్ ఎక్కించిన ప్రాజెక్టు డైరీ

జనవరి 11, శనివారం

క్షవరానికి వెళ్లి ప్రాజెక్టు తగిలించుకుని వచ్చాను. జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర నేను వెళ్లే సెలూన్‌లో పనిచేసేవాళ్లంతా డొమినికన్లే. ఇవాళ స్పీకర్లో ‘ఎయా ఇ యో’ వచ్చింది. 2005 నాటి పాట. బ్రాంక్స్ కుర్రాళ్ల బృందం అవెంతురా, ప్యూర్టో రికో గాయకుడు డాన్ ఒమార్ కలిసి పాడారు. పేరుకి అర్థం ‘ఆమె, నేను’. కత్తెర పట్టుకున్నవాళ్లు, తల అప్పగించినవాళ్లు, అందరూ పెదాలు కదుపుతున్నారు. నా వేళ్లు కూడా కుర్చీ చేతి మీద వాటంతటవే ‘తకిట తకిట తక’ మొదలుపెట్టాయి. విజయనగరంలో ఆరేళ్లు మృదంగం నేర్చుకున్న ఫలితం. ఎక్కడికి వెళ్లినా అది నా వెంటే ఉంటుంది. కదలకు బాబూ అన్నాడు బార్బర్. చెవి పక్కన కత్తి ఉంది మరి.

పాట కథ తెలుగువాళ్లకి చెబితే పద్యనాటకం అనుకుంటారు. ఇద్దరు స్నేహితుల సంవాదం. పెళ్లైన ఆవిడతో ప్రేమలో పడ్డానని ఒకడు చెప్పుకుంటాడు. రెండోవాడు మొదట ధైర్యం చెబుతాడు. చివరికి ఆవిడ ఆ రెండోవాడి భార్యేనని బయటపడుతుంది. అవెంతురా గాయకుడు రోమియో సాంతోస్ తప్పు ఒప్పుకునేవాడు, అతనిది బచాటా, అంటే డొమినికన్ల గిటార్ పాట. డాన్ ఒమార్ వినేవాడు, అతనిది రెగ్గేటోన్, అంటే ప్యూర్టో రికోలో పెరిగిన డ్యాన్సు సంగీతం.

ఇంటికొచ్చాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విన్నాను. పైన గిటార్ బచాటాదే, కింద కొడుతున్నది రెగ్గేటోన్ దరువు, డెంబో. నాకు తెలిసినంతలో ఈ రెండిటికీ వేగం కుదరదు, ఊపూ కుదరదు. మరి ఎలా కలిపారు? ఒకటి చేసి చూస్తే తప్ప తెలియదనిపించింది. వాళ్ల పాటని కాపీ కొట్టను. నా సొంత వరస, రెండు నిమిషాలు, మాటలు లేకుండా. మార్చి మొదటివారానికి పూర్తి చేయాలి. మా ఆవిడకి చెబితే, “ముందు ఆ గరాజ్ సర్దండీ” అంది.

జనవరి 12, ఆదివారం

తేలికైన డెంబోతో మొదలుపెట్టాను. సాఫ్ట్‌వేర్లో ఒక బారుకి, అంటే నాలుగు బీట్ల చుట్టుకి, పదహారు గళ్లు. కిక్, అంటే బరువైన పెద్ద డ్రమ్ము దెబ్బ, 1, 5, 9, 13 గళ్లలో. స్నేర్, అంటే చురుకైన చిన్న డ్రమ్ము దెబ్బ, 4, 7, 12, 15లో. అంతే. మృదంగం భాషలో చెప్పాలంటే ఎనిమిది అక్షరాల్ని మూడు, మూడు, రెండుగా విరిచి, విరిచిన చోటల్లా స్నేర్ వేయడం. తకిట తకిట తక. రెండో కిక్ మాత్రం విరుపు మీద పడదు, రెండో ‘తకిట’లో ‘కి’ మీద పడుతుంది. నడుం కదిలేది ఆ పేచీ వల్లే.

మా ఆవిడ వచ్చి కాసేపు విని, “ఇది తీన్‌మార్ కదండీ” అంది. హైదరాబాద్‌లో పెరిగిన మనిషి, వినాయక నిమజ్జనాలు చూసింది. కాదన్నాను. ఊరేగింపులో తీన్‌మార్ ముందుకి తోస్తుంది. ఇది ఉన్నచోటే నిలబెట్టి ఊపుతుంది. ఆవిడ ఒప్పుకోలేదు. వంటింట్లోకి వెళ్తూ తీన్‌మార్ స్టెప్పు ఒకటి వేసి చూపించింది. చెప్పకూడదు గానీ, సరిపోయింది.

ఈ దరువు పేరు జమైకా నుంచి వచ్చింది. 1990 ప్రాంతంలో షాబా రాంక్స్ పాడిన ‘డెం బో’ పాట, దాని వెనక స్టీలీ, క్లీవీ జంట కట్టిన రిథమ్. అది పనామా, న్యూయార్క్ మీదుగా ప్యూర్టో రికో చేరి, అక్కడి డీజేల చేతుల్లో రెగ్గేటోన్‌కి వెన్నెముక అయింది. ఈ రిథమ్ మాది అంటూ స్టీలీ, క్లీవీల తరఫున 2021లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో పెద్ద కేసే వేశారు, ప్రతివాదుల్లో పెద్ద పెద్ద స్టార్లున్నారు. నా రెండు నిమిషాల మీద ఎవరూ కేసు వేయరనుకోండి. అయినా ఎవరి లూపూ ఎత్తుకోకుండా ప్రతి దెబ్బా నేనే పెట్టాను. అలా పెడితేనే ఎక్కడేముందో చేతికి తెలుస్తుంది.

జనవరి 18, శనివారం

ఇవాళంతా వేగంతోనే సరిపోయింది.

బచాటా మామూలుగా నిమిషానికి 120 నుంచి 135 బీట్ల మధ్య నడుస్తుంది. రెగ్గేటోన్ 90ల్లో ఉంటుంది. తెలివితక్కువగా ముందు ఏం చేశానంటే, 128 దగ్గర గిటార్ రికార్డు చేసి దాన్ని 92కి సాగదీశాను. బ్యాటరీ అయిపోతున్న టేప్ రికార్డర్లో పాట విన్నట్టుంది. సరే అని 92 దగ్గరే నేరుగా వాయించాను. గిటార్ బాగానే మోగింది కానీ అది బచాటా కాదు, నిద్రమత్తులో ఉన్న బొలేరో, అంటే నెమ్మదైన పాత ప్రేమపాట. బచాటా పుట్టింది బొలేరో నుంచే కాబట్టి, వేగం తీసేస్తే మళ్లీ పుట్టింటికి పోతుందన్నమాట.

తర్వాత ఎదురు చేశాను. గిటార్ని 128లో ఉంచి డెంబోని అక్కడికి ఎక్కించాను. అది రెగ్గేటోన్‌లా లేదు, డొమినికన్ రాజధాని సాంతో దొమింగో వైపు కొట్టే డొమినికన్ డెంబోలా అయింది. పేరు ఒకటే గానీ అది వేరే సంగీతం, ఒకటే పరుగు.

మధ్యాహ్నం నుంచి రెండేసి బీట్లు పెంచుతూ, తగ్గిస్తూ కూర్చున్నాను. 112 దగ్గర స్నేర్ తొందరపడుతోంది. 100 దగ్గర గిటార్ ఆవలిస్తోంది. 106 దగ్గర రెండూ కాస్త కాస్త ఇబ్బంది పడ్డాయి గానీ రెండూ నడిచాయి. అక్కడే మేకు కొట్టేశాను. ఇక మార్చను.

జనవరి 19, ఆదివారం

మా పై అంతస్తులో ఒక డొమినికన్ పెద్దాయన ఉంటాడు, అక్కడి సాంతియాగో ఊరి నుంచి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. నన్ను ‘వెసీనో’ అని పిలుస్తాడు, అంటే పొరుగాయన అని. నేను ఆయన్ని ‘డాన్’ అంటాను, పెద్దవాళ్లని గౌరవంగా పిలిచే మాట. శనివారం రాత్రుళ్లు మా సీలింగ్ మీద మెత్తగా మూడు అడుగులు, తర్వాత ఒక దబ్. మూడు, దబ్. మూడు, దబ్. రెండేళ్లు దీని మీద విసుక్కున్నాను. బచాటా అడుగుల గురించి చదివాక గానీ తెలియలేదు, నాలుగో లెక్క మీద కాలు తాటించి తుంటి ఎత్తుతారని. ఈయన తాటించడం కాదు, తొక్కేస్తాడు.

ఇవాళ కాస్త పులిహోర పట్టుకుని పైకి వెళ్లాను. రెండు గంటల దాకా కిందికి రాలేదు.

ఆయన చిన్నతనంలో ఇంట్లో బచాటా పెట్టనిచ్చేవాళ్లు కాదట. తాగుబోతుల పాట, వేశ్యావాటికల పాట అని తండ్రి రేడియో కట్టేసేవాడట. నియంత త్రుహియో ఏలినంత కాలం అక్కడి ఇంకో నాట్య సంగీతం మెరెంగేకే పెద్దపీట. 1961లో అతన్ని చంపేశాక, 1962లో హొసే మాన్వెల్ కాల్దెరోన్ మొదటి బచాటా రికార్డులు చేశాడు. అప్పటికి బచాటా అంటే పెరట్లో జరిగే చిన్న విందు, దాన్నే తిట్టుగా సంగీతానికి తగిలించారు. వాయించేవాళ్లు మాత్రం ‘అమార్గె’ అనేవాళ్లు. చేదు అని అర్థం. 1990లో గాయకుడు హ్వాన్ లూయిస్ గెర్రా ‘బచాటా రోసా’ ఆల్బమ్ తెచ్చాకే మర్యాదస్తుల ఇళ్లలోకి వచ్చిందని డాన్ అన్నాడు. 2019లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. “మా నాన్న ఉంటే యునెస్కోని కూడా కట్టేసేవాడు” అని నవ్వాడు.

రెగ్గేటోన్‌కీ ఇలాంటి కథే ఉంది. 1995లో ప్యూర్టో రికో పోలీసులు దుకాణాల మీద పడి క్యాసెట్లు పట్టుకుపోయారు. ఇంకో సంగతి: 2004లో ‘గాసోలీనా’ పాట చేసి రెగ్గేటోన్‌ని ప్రపంచం మీదికి వదిలిన నిర్మాతల జంట లూనీ ట్యూన్స్, ఇద్దరూ డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టినవాళ్లే. అంటే ఈ కలయిక ఎవరో మార్కెటింగ్ ఆఫీసులో కూర్చుని వేసిన ప్లాన్ అనుకోనక్కర్లేదు. రెండూ ఒకే వీధిలో, ఒకే కారులో, ఒకే సెలూన్‌లో మోగుతున్నవే.

జనవరి 26, ఆదివారం

గ్వీరా. బచాటాలో అయిదు వాద్యాలు: ముందుండే గిటార్ రెకింతో, తాళం పట్టే గిటార్ సెగుందా, బేస్, బొంగో అనే జంట డ్రమ్ములు, గ్వీరా. గ్వీరా అంటే చిల్లులు పొడిచి గరుకు చేసిన రేకు గొట్టం, దాన్ని ఇనప పుల్లల బ్రష్‌తో గీకుతారు. కొనేముందు వంటింట్లో ఉన్నదానితో ప్రయత్నిద్దామని క్యారెట్ తురిమే పీట, ఒక ఫోర్కు తీసుకున్నాను. మైకు ముందు గీకాను. ఎవరో క్యారెట్ తురుముతున్నట్టే వినిపించింది. పీట చదునుగా ఉంటుంది కాబట్టి మోత లేదు. దాన్ని ఖాళీ నేతిడబ్బాకి రబ్బరు బ్యాండుతో కట్టాను. కొంత నయం. ఫోర్కు తీసి, విరిగిన హెయిర్ బ్రష్ పళ్లు వాడాను. ఇంకొంత నయం. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, “నాన్నా, అది నా బ్రష్” అంది. విరిగిందే కదా అన్నాను. విరగలేదట, అది అలాగే ఉంటుందట.

చివరికి నలభై డాలర్లు పెట్టి మన్హాటన్‌లో వాషింగ్టన్ హైట్స్ నుంచి అసలు గ్వీరా తెచ్చాను. పీట దాని చోటికి అది వెళ్లింది, కాస్త వంగి.

గ్వీరా చేతికి రాగానే ఒక విషయం తెలిసింది. డెంబో మీద నేను పెట్టిన హై-హ్యాట్ తాళాల చప్పుడు, ఈ గ్వీరా, రెండూ ఒకే చోట గీపెడుతున్నాయి. గ్వీరా నడక ఒక పొడుగు, రెండు పొట్టి: ఛీ, చికి, ఛీ, చికి. హై-హ్యాట్ దాన్ని పూర్తిగా కప్పేస్తోంది. శబ్దాలు తగ్గించి, ఈక్వలైజర్ కోసి, కుడి ఎడమలకి తోసి గంటన్నర పోగొట్టాను. చివరికి విసుగొచ్చి హై-హ్యాట్ తీసి పారేశాను. అప్పుడు వినిపించింది పాట. రెగ్గేటోన్‌కి కావలసిన ఆ పైస్థాయి గరగర గ్వీరానే ఇస్తోంది, హై-హ్యాట్ చేసే పనే లేదు.

ఫిబ్రవరి 1, శనివారం

బొంగో రోజు. చిన్నదాన్ని మాచో అంటారు, పెద్దదాన్ని ఎంబ్రా అంటారు. మగది, ఆడది. బొంగురు గొంతు ఆడదానిది. మృదంగం చేతులకి బొంగో వేళ్లు తేలిగ్గానే వచ్చాయి. బరువు తగ్గించుకోవడం మాత్రం రాలేదు. మృదంగం కుడివైపు, వలంతల మీద కొట్టినట్టు కొట్టి రెండో గంటకే వేళ్లు వాచాయి.

మూడు గంటలు రికార్డు చేసి విన్నాను. ఎక్కడో ఈడుస్తోంది. నా తాళమే పోయిందనుకుని సిగ్గేసింది. మా మాస్టారు గుర్తొచ్చారు. కాలం తప్పితే తొడ మీద కొట్టి చూపించేవారు, మా తొడ మీదే. అయిదుసార్లు మళ్లీ వాయించాను, అయిదుసార్లూ అంతే ఈడుపు. ప్రతిసారీ అంతే అంటే మనిషి తప్పు కాదని అప్పటికి బుర్రకెక్కింది. ఆడియో ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక వైరు పెట్టి, ఒక టిక్ పంపించి, తిరిగొచ్చినదాన్ని రికార్డు చేశాను. 23 మిల్లీసెకన్లు ఆలస్యం. 106 బీట్ల వేగంలో ఒక గడి అంటే సుమారు 141 మిల్లీసెకన్లు. ఆరో వంతు వెనకబడుతోంది. గిటార్లో అయితే ఎవరూ పట్టుకోరు, బొంగోలో చెవికి తగులుతుంది. సెట్టింగ్స్‌లో ఆ 23ని సరిచేశాను. పాత టేకులన్నీ అంతే జరిపితే ఠంచనుగా కూర్చున్నాయి. వేళ్లు మాత్రం వాచినవి వాచినట్టే ఉన్నాయి. ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్లు ఈ వైరు పరీక్ష మొదటి రోజే చేసుకోండి.

ఫిబ్రవరి 2, ఆదివారం

అన్నీ కాలానికి పడుతున్నాయి, అయినా ఏదో పోయింది. బొంగో విడిగా వింటే బచాటా. డెంబో విడిగా వింటే రెగ్గేటోన్. కలిపితే బచాటా మాయం.

కాగితం మీద గళ్లు గీసి, ఎవరు ఎక్కడ కొడుతున్నారో రాసుకున్నాను. బేస్ 1, 3, 4 బీట్ల మీద, అంటే 1, 9, 13 గళ్లు. అక్కడ కిక్ కూడా ఉంది. మంచిదే, ఇద్దరూ ఒకే మాట మీదున్నారు. ఎంబ్రా బొంగురు దెబ్బ నాలుగో బీటు మీద, ఆ వెంటనే అరబీటు మీద. అంటే 13, 15. పదిహేనో గడిలో ఎవరున్నారు? స్నేర్. ఆ బారుకి ఆఖరి స్నేర్, ‘తక’లో ‘త’. సరిగ్గా తుంటి లేవాల్సిన చోట చప్పట్లు కొట్టి మాట మింగేస్తోంది.

రెండు బార్లకొకసారి ఆ పదిహేనో గడి స్నేర్ తీసేశాను. మొదటి బారు తకిట తకిట తక, తకిట తకిట తక. రెండో బారులో చివరి ‘తక’ ఖాళీ, ఎంబ్రా ఒక్కటే ‘దుమ్‌దుమ్’ అంటుంది. హెడ్‌ఫోన్స్‌లో మొదటిసారి నా కాలు నాలుగో లెక్క మీద నేలని తాటించింది. ఒక్క దెబ్బ, అదీ తీసేస్తే వచ్చింది.

సెలూన్ పాటని మళ్లీ పెట్టి విన్నాను. ఇప్పుడు చెవి వేరే. వాళ్లు ఏం వాయించారన్నది కాదు, ఎవరు ఎక్కడ ఊరుకున్నారన్నది వింటున్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆఫీసులో రిలీజు. వారమంతా ఆన్‌కాల్. ఏమీ చేయలేదు. గరాజ్ సగం సర్దాను.

ఫిబ్రవరి 15, శనివారం

గిటార్. వరస ఎ మైనర్, జి, ఎఫ్, ఈ మేజర్. స్పానిష్ గాలి తగిలిన పాటల్లో వేల ఏళ్లుగా ఉన్నట్టనిపించే దిగుడు. మనవైపు నుంచి చూస్తే నఠభైరవిలో నడుస్తూ, ఈ మేజర్ దగ్గర కాకలి నిషాదం తగలగానే ఒక్క క్షణం కీరవాణి అయిపోతుంది. మేళకర్తల్లో 20, 21. పక్కపక్క ఇళ్లు.

ఆ ఉత్సాహంలో రెకింతో ముక్కల్లో గమకాలు పెట్టాను. బ్రహ్మాండంగా ఉందనుకున్నాను. డాన్‌ని కిందికి పిలిచి వినిపించాను. ముఖం చేదుగా పెట్టాడు, అమార్గె కాదు, మామూలు చేదు. “వెసీనో, నీ గిటార్ కూర్చుని ఆలోచిస్తోంది. గ్వీరా ఒక్కతే పని చేసుకుంటోంది” అన్నాడు. తీసుకుని వాయించి చూపించాడు. రెండు తేడాలు. నేను పిక్‌తో వాయిస్తున్నాను, ఆయన బొటనవేలు, చూపుడువేలు. నేను ప్రతి స్వరాన్నీ మోగనిస్తున్నాను, ఆయన కుడి అరచేతి అంచుతో తీగల్ని తొక్కిపట్టి ప్రతిదాన్నీ పుట్టగానే ఆపేస్తున్నాడు. అందుకే అది టిక్‌టిక్‌మని గ్వీరా పక్కన పరుగెడుతుంది. మోగనిచ్చేది వాక్యం చివర ఒక్కచోటే.

రెండో మెట్టు మీద కేపో, అంటే తీగలన్నిటినీ అదిమిపట్టే క్లిప్పు, పెట్టమన్నాడు. తీగ మోగే పొడవు తగ్గి గొంతు సన్నబడింది, అదే కావాలి. మీద కొంచెం కోరస్ ఎఫెక్టు వేశాను. పాతవాళ్లు ఎలా వాయించినా, అవెంతురాలో లెన్నీ సాంతోస్ గిటార్‌కి పెడళ్లు తగిలించి రాక్, ఫంక్ వాసనలు తెచ్చాక కుర్రాళ్లంతా ఆ దారే పట్టారు. డాన్ ఆ బృందాన్ని ‘ఆ పిల్లలు’ అంటాడు. ఆ పిల్లలు 2010లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌ని నాలుగు రాత్రులు నింపారు.

గమకాలన్నీ తీసేశాను. ఒక్కటి ఉంచుకున్నాను, ఈ మేజర్ మీద. ఆయన పట్టుకోలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

కూర్పు. బచాటాలో మూడు నడకలుంటాయని డాన్ చెప్పాడు: నెమ్మదిగా కథ చెప్పేప్పుడు దెరేచో, పల్లవి దగ్గర గట్టిగా దంచే మహావ్, గిటార్ విజృంభించే మాంబో. నా మొదటి ప్లాన్ బడిపిల్లాడి ప్లాన్: ఇరవై సెకన్లు బచాటా, ఇరవై సెకన్లు రెగ్గేటోన్, మళ్లీ బచాటా. విని మా అమ్మాయి, “రెండు పాటలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టావా నాన్నా?” అంది. నిజమే.

అప్పుడు ఆ పాట కథ పనికొచ్చింది. వినేవాడు పక్కనే కూర్చుని ఉంటాడు, మాట్లాడకపోయినా. అలాగే డెంబోని మొదటి నుంచీ ఉంచాను, కానీ కిక్ మాత్రమే, అదీ బేస్ కింద దాగి. గిటార్ చెప్పుకుపోతుంటుంది. మహావ్ దగ్గర ఒక స్నేర్ వస్తుంది, నాలుగో గడి ఒక్కటే. తర్వాత ఏడోది. మాంబోకి వచ్చేసరికి మొత్తం తకిట తకిట తక బయటపడుతుంది, బొంగో తప్పుకుంటుంది. అప్పటిదాకా వింటున్నవాడు నోరు తెరిచినట్టు. చివరి పదహారు బార్లలో ఇద్దరూ, పదిహేనో గడి ఖాళీతో సహా.

సెగుందా తీగ ఒకటి తెగింది. మిగతా అయిదు తీగలతో లాగించాను.

మార్చి 1, శనివారం

మిక్స్ ముగిసింది. రెండు నిమిషాల ఎనిమిది సెకన్లు. కారులో విన్నాను, ఫోన్లో విన్నాను, వంటింట్లో మిక్సీ పక్కన విన్నాను. మా ఆవిడ తీన్‌మార్ స్టెప్పు మాంబో దగ్గర మళ్లీ వేసింది. ఆ వాదన ఇక నేను ఎత్తను.

రాత్రి తొమ్మిదికి ఫైలు డాన్ ఫోనుకి పంపించి, లైటు తీసేసి, కింద సోఫాలో కూర్చున్నాను. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత సీలింగ్ గుండా నా గిటార్ సన్నగా దిగింది. కాసేపటికి అడుగులు. మెత్తగా మూడు, దబ్. మూడు, దబ్. మా ఆవిడ నా వైపు చూసింది. నేను పైకే చూస్తున్నాను. మహావ్ దాటింది, దబ్. మాంబో మొదలైంది, అడుగులు ఇంకా ఉన్నాయి, కానీ దబ్ లేదు. ఒక బారు, రెండు బార్లు. అడుగులు కూడా ఆగిపోయాయి.

ఫోన్ మోగింది. “వెసీనో, ఒక నిమిషం పద్నాలుగు సెకన్ల దగ్గర ఎంబ్రాని ఎవరు ఎత్తుకుపోయారు?”

లేచి కంప్యూటర్ మళ్లీ ఆన్ చేశాను.